తెమడ స్లైడులో పాజిటివ్, సీబీనాట్‌లో నెగెటివ్: చెరువు మట్టిలో బతికే క్రిముల గురించి

తమ్ముడూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. తిప్పర్తి దగ్గర మీ ఊళ్లో ఉండే నాన్నగారికి అరవై రెండేళ్లు, మూడు నెలలుగా దగ్గు. తెమడ స్లైడులో టిబి క్రిమి ఉందన్నారు, సీబీనాట్ అనే జన్యు పరీక్ష చేస్తే లేదన్నారు. రెండు నెలలకు కల్చర్ (తెమడలోని క్రిమిని పెంచి చూసే పరీక్ష) రిపోర్టు వస్తే అందులో 'ఎన్‌టిఎం' అని ఉంది. డాక్టరుగారు "ఇది మట్టిలో, నీళ్లలో ఉండే బాక్టీరియా" అని చెప్పి, మళ్లీ తెమడ ఇమ్మన్నారు. ఇప్పుడు ఇంట్లో అందరికీ టెన్షన్. పిల్లలను తాత దగ్గరికి పోనివ్వాలా, చెరువు కింద పొలం మానుకోవాలా, బోరు నీళ్లు తాగొచ్చా, టిబి మందులు మొదలుపెట్టాలా అని అడిగారు.

ముందు పిల్లల సంగతి. పోనివ్వండి, తాత ఒళ్లో కూర్చోనివ్వండి. కల్చర్‌లో పెరిగింది టిబి కాదని తేలింది కాబట్టే ఈ మాట ధైర్యంగా చెప్తున్నాను. ఈ క్రిములు టిబిలాగా దగ్గు ద్వారా ఒకరి నుంచి ఇంకొకరికి అంటవు. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే పుట్టుకతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్ల మధ్య ఒక రకం గురించి మాత్రం అనుమానాలున్నాయి. మీ ఇంటికి ఆ సంగతితో పని లేదు. కంచం, గ్లాసు వేరు పెట్టి ఉంటే ఈరోజే ఆ పని ఆపండి. ఆ వయసు మనిషికి దగ్గు కంటే అది ఎక్కువ బాధ.

మందుల విషయం చివర్లో చెప్తాను. అసలు ఈ క్రిమి ఏమిటో తెలిస్తే ఆ మాటలు మీకు సరిగ్గా అర్థమవుతాయి. నేను మైక్రోబయాలజీ ల్యాబులో ఇరవై ఆరేళ్లు పనిచేశాను, అందులో ఎక్కువ కాలం టిబి కల్చర్ దగ్గరే.

మైకోబాక్టీరియం అనేది ఒక పెద్ద కుటుంబం. అందులో మనకు బాగా తెలిసినవి రెండే. ఒకటి 1873లో హాన్సెన్ చూసిన కుష్ఠు క్రిమి, ఇంకొకటి 1882లో రాబర్ట్ కాక్ కనిపెట్టిన టిబి క్రిమి. ఈ రెంటికీ బతకడానికి మనిషి లాంటి ఒళ్లు కావాలి. కుటుంబంలో మిగిలినవాళ్లు దగ్గరదగ్గర రెండు వందల రకాలు. వాళ్లలో చాలామందికి మనిషితో పనే లేదు. చెరువు ఒండ్రులో, మడిలో, వాగులో, గడ్డివాములో, నల్లా పైపు లోపల వాళ్ల బతుకు వాళ్లు బతుకుతుంటారు. వీళ్లందరినీ కలిపి నాన్ ట్యూబర్‌క్యులస్ మైకోబాక్టీరియా అంటాం. మీ రిపోర్టులో ఉన్న ఎన్‌టిఎం అదే.

మరి స్లైడులో టిబి అని ఎందుకు వచ్చింది? ఈ కుటుంబం మొత్తానికీ ఒంటి మీద మైనం లాంటి పూత ఉంటుంది. స్లైడు మీద ఎర్ర రంగు పోసి, ఆవిరి వచ్చేదాకా కింద మంట చూపిస్తాం. తర్వాత యాసిడ్ పోస్తాం. మామూలు బాక్టీరియా రంగు యాసిడ్‌కు పోతుంది. మైనం పూత లోపలికి ఒకసారి ఎక్కిన ఎరుపు మాత్రం పోదు. ఆఖరున నీలి రంగు వేసి చూస్తే నీలం మీద సన్నటి ఎర్రటి పుల్లలు కనబడతాయి. టిబి అయినా ఎర్ర పుల్లే, చెరువు మట్టిలోది అయినా ఎర్ర పుల్లే. సూక్ష్మదర్శినిలో కన్ను పెట్టిన మనిషి ఎంత అనుభవం ఉన్నవాడైనా ఆ పుల్ల ఎవరిదో చెప్పలేడు. సీబీనాట్ అలా కాదు, అది టిబి క్రిమి జన్యువునే వెతుకుతుంది. అందుకే స్లైడు పాజిటివ్, సీబీనాట్ నెగెటివ్ అని వచ్చినప్పుడు మాకు మొదట వచ్చే ఆలోచన ఎన్‌టిఎం గురించే. మీకు రెండు రిపోర్టుల్లో ఒకటి తప్పు అనిపించి ఉంటుంది. రెండూ నిజమే చెప్పాయి.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన మూడో ఏడు. ఒక వారం అంతా స్లైడుల్లో అక్కడక్కడా రెండు మూడు ఎర్ర పుల్లలు కనబడటం మొదలైంది. ఎక్స్‌రే శుభ్రంగా ఉన్న మనిషి స్లైడులోనూ అవే. నేను ఉన్నది ఉన్నట్టు రాసి పంపాను. ఒకావిడకు అప్పుడే పెళ్లి కుదిరింది, ఆ రిపోర్టు చూసి వాళ్లింట్లో ఏడుపులు. మా పెద్ద సార్‌కు అనుమానం వచ్చి, తెమడ ఏమీ పెట్టని ఖాళీ స్లైడుకు రంగులు వేయించారు. దాని మీదా ఎర్ర పుల్లలే! అప్పుడు ఒక్కొక్కటీ చూసుకుంటూ పోతే సింకు దగ్గర తేలింది. రంగు కడగడానికి నల్లాకు ఒక రబ్బరు గొట్టం తగిలించి ఉండేది. ఎన్నేళ్ల నాటిదో. దాన్ని బ్లేడుతో పొడుగునా చీల్చి లోపల వేలితో రాశాను. గోధుమ రంగులో, వెండ్రుకలకు పెట్టే జెల్లులాగా జిగురు పొర వేలికి అంటింది. ఆ జిగురునే స్లైడు మీద పూసి రంగు వేస్తే ఎర్ర పుల్లలు గుంపులు గుంపులుగా ఉన్నాయి. కల్చర్ వేస్తే నారింజ రంగులో నున్నటి చుక్కలు పెరిగాయి. మైకోబాక్టీరియం గోర్డోనే. దానికి 'నల్లానీటి క్రిమి' అని మా వృత్తిలో పేరే ఉంది. ఆ గొట్టం తీసేశాక పుల్లలు మాయమయ్యాయి. ఆ రిపోర్టులన్నీ మళ్లీ చేసి, నేనే స్వయంగా ఆ ఇంటికి పోయి చెప్పి వచ్చాను. ఆ రోజు నుంచి స్లైడు కడగడానికి వాడే నీటిని కూడా పరీక్షించనిదే నాకు నిద్ర పట్టేది కాదు.

ఈ క్రిములకు నీళ్ల పైపు అంత ఇష్టం ఎందుకంటే, అదంతా ఆ మైనం పూత మహిమే. తామరాకు మీద నీటిబొట్టు ఎలా జారిపోతుందో చూశారు కదా, అలా ఈ క్రిమికీ నీటికీ పొసగదు. నీటి మధ్యలో ఉండలేక గోడకు అతుక్కుంటుంది, లేదా నీటి పైఅంచుకు చేరుతుంది. గోడకు అతుక్కున్నది జిగురు పొర కట్టి స్థిరపడుతుంది. పైకి చేరినది, నీటిలో బుడగ పగిలినప్పుడు లేచే సన్నటి తుంపరతో గాలిలోకి వస్తుంది. అమెరికాలో వర్జీనియా టెక్‌కు చెందిన జోసెఫ్ ఫాల్కిన్‌హామ్ జీవితమంతా దీని మీదే పనిచేశారు. రోగి ఊపిరితిత్తుల్లోని క్రిమి, ఆ మనిషి ఇంటి షవర్‌లోని క్రిమి ఒకటేనని కొన్ని ఇళ్లలో జన్యు పరీక్షతో చూపించారు.

క్లోరిన్ కూడా వీటిని అంత తేలిగ్గా చంపలేదు. విరేచనాలు తెచ్చే ఈ.కోలి లాంటివి చనిపోయే మోతాదు కంటే వందల రెట్లు తట్టుకునే రకాలు ఇందులో ఉన్నాయి. నల్లా దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలని మన తాగునీటి ప్రమాణం. అది కలరాను ఆపుతుంది, టైఫాయిడ్‌ను ఆపుతుంది, చాలా అవసరం. వీటిని మాత్రం పూర్తిగా తుడిచిపెట్టలేదు. పైగా మిగతా బాక్టీరియా చచ్చిపోతే తిండికి పోటీ తగ్గి వీటికే మేలు. కాబట్టి మిషన్ భగీరథ నల్లా నీళ్లు వస్తే ఉండవు, బోరు నీళ్లయితే ఉంటాయి అని అనుకోవద్దు. ఇంకో మాట, మన జిల్లా పేరుతో పిలిచే నల్గొండ టెక్నిక్ ఉంది కదా, పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి తేర్చే పద్ధతి. అది నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీయడానికి పుట్టింది. దాన్ని ఈ లెక్కలోకి తీసుకోవద్దు.

మట్టి విషయానికి వస్తే, నేను చదువుకునే రోజుల్లో ఎండాకాలం సెలవుల్లో పానగల్లు ఉదయసముద్రం అంచున, నీళ్లు వెనక్కి పోయిన చోట మట్టి తెచ్చాను. పైన ఎండి పలకలు పలకలుగా విచ్చుకుని ఉంది. పలక లేపితే కింద నల్లగా, తడిగా, కుళ్లిన ఆకు వాసన. ఆ మట్టిని నీళ్లలో కలిపి తేర్చి, కాస్టిక్ సోడా ద్రావణంలో ఉంచాలి. మిగతా బాక్టీరియా ఆ ఘాటుకు చచ్చిపోతాయి, మైనం పూత ఉన్నవి బతుకుతాయి. తెమడకూ మేం ఇదే చేస్తాం. తర్వాత గుడ్డుతో చేసిన ఆకుపచ్చటి మీడియం మీద వేసి వెచ్చటి పెట్టెలో పెట్టాలి. టిబి అయితే ఆరు నుంచి ఎనిమిది వారాల దాకా ఎదురుచూడాలి, పెరిగినది రొట్టె పొడిలాగా గరుకుగా, లేత పసుపుగా ఉంటుంది. ఆ చెరువు మట్టిలోంచి వారం లోపే తెల్లటివి వచ్చాయి. ఇంకా ఆగితే పసుపువి, నారింజవి వచ్చాయి. ఒక ట్యూబును చుట్టూ వెండి కాగితం చుట్టి చీకట్లో పెంచాను. కాగితం తీసినప్పుడు కాలనీ, అంటే పెరిగిన క్రిముల చుక్క, పాలమీగడ రంగులో ఉంది. ఒక గంట వెలుతురు చూపించి మళ్లీ పెట్టెలో పెడితే మర్నాటికి నిమ్మపండు పసుపు! వెలుతురు తగిలితే రంగు తెచ్చుకునే రకం అది. 1950ల్లో రన్యన్ అనే ఆయన ఈ రంగులనూ, పెరిగే వేగాన్నీ చూసే వీటిని నాలుగు గుంపులు చేశారు. ఇప్పుడు జన్యువు చదివి పేరు పెడుతున్నాం కానీ, ఆ రంగు మారటం చూసిన పొద్దున్న నేను ఇదే నా పని అని నిశ్చయించుకున్నాను.

కుళ్లిన ఆకు, గడ్డి ఎక్కువున్న మట్టి, గోధుమ రంగు నీళ్లు వీటికి మంచి చోటు. చెరువులో అమీబా వీటిని మింగుతుంది. మింగిన తర్వాత కొన్ని రకాలు చావకుండా అమీబా లోపలే పెరుగుతాయి. మన ఊపిరితిత్తుల్లో క్రిములను మింగే రక్షక కణాలు కూడా అలాంటివే. వాటి లోపల బతికే విద్య ఈ క్రిములకు చెరువులోనే వచ్చిందని చాలామంది శాస్త్రవేత్తల ఆలోచన, నాకూ అది సబబుగానే తోస్తుంది.

మన దక్షిణాదిలో వీటితో మనకున్న సంబంధం చాలా పాతది. 1968లో తమిళనాడు చెంగల్పట్టు జిల్లాలో బీసీజీ టీకా మీద ప్రపంచంలోకెల్లా పెద్ద పరీక్ష మొదలైంది. 2.5 లక్షలకు పైగా మనుషులు. పెద్దవాళ్ల ఊపిరితిత్తుల టిబిని అక్కడ టీకా ఆపలేకపోయింది. ఎందుకని వెతికితే చెప్పిన కారణాల్లో ముఖ్యమైనది ఇదే: అక్కడి జనం చిన్నప్పటి నుంచే మట్టిలో, నీళ్లలో ఈ క్రిములను పీల్చి, మింగి, వాటికి అలవాటు పడి ఉన్నారు. టీకా కొత్తగా నేర్పడానికి పెద్దగా మిగల్లేదు. అదే ప్రాంతం మట్టిలో, నీళ్లలో, ఇళ్ల దుమ్ములో, మనుషుల తెమడలో ఈ రకాలు దొరికాయి కూడా. దీన్ని చూసి పిల్లలకు బీసీజీ వద్దనుకోకండి. పసిపిల్లల్లో మెదడుకు వచ్చే టిబి నుంచి అది కాపాడుతుంది.

నాట్లప్పుడు మోకాలి లోతు మడిలో పొద్దంతా వంగి ఉండే ఆడవాళ్లను చూడండి. వాళ్ల కాళ్లకు, చేతులకు ఈ క్రిములు ఎన్ని తగులుతాయో లెక్క లేదు. వాళ్లకు జబ్బు రావట్లేదు. ఆరోగ్యంగా ఉన్న ఒళ్లు వీటిని లక్ష్యపెట్టదు. జబ్బు ఎవరికి వస్తుందంటే, ఊపిరితిత్తి ముందే దెబ్బతిన్నవాళ్లకు. ఎప్పుడో టిబి వచ్చి తగ్గి లోపల గుంట మిగిలినవాళ్లు, ఏళ్ల తరబడి బీడీ, చుట్ట తాగి ఆయాసం పట్టినవాళ్లు, రాళ్ల క్వారీలో, పాలిషింగ్ యూనిట్లలో రాతి పొడి పీల్చినవాళ్లు, స్టెరాయిడ్ వాడేవాళ్లు, హెచ్‌ఐవి ఉన్నవాళ్లు. మీ నాన్నగారికి ఇరవై ఏళ్ల కింద టిబి మందులు వాడిన సంగతి మీ ప్రశ్న చివర్లో ఒక్క ముక్కలో రాశారు. నాకు అన్నింటికంటే ముఖ్యంగా కనబడింది అదే. డాక్టరుగారికి తప్పక చెప్పండి, పాత ఎక్స్‌రే ఇంట్లో ఎక్కడైనా ఉంటే పట్టుకుపోండి.

చర్మం సంగతి వేరు. చెరువులో చేపలు పట్టేవాళ్లకు ముల్లు గుచ్చుకున్న చోట నెలల తరబడి మానని కణితి వస్తే మెరైనమ్ అనే రకం కావచ్చు. అది చల్లదనం కోరుకునే క్రిమి, 30 డిగ్రీల దగ్గర బాగా పెరుగుతుంది, అందుకే వేళ్ల మీదే వస్తుంది. అలాగే సూది వేసిన చోట మూడు నాలుగు వారాల తర్వాత గడ్డ లేచి, కోసినా మళ్లీ మళ్లీ చీము వస్తుంటే, లాప్రోస్కోపీ (చిన్న రంధ్రాలతో చేసే ఆపరేషన్) కుట్ల దగ్గర అలా అవుతుంటే, ఫార్చుయిటమ్, కీలోనే, అబ్సెసస్ అనే మూడింటి మీద అనుమానం పెట్టాలి. పరికరాలను మందులో ముంచి, తర్వాత నల్లా నీళ్లతో కడిగితే జరిగేది ఇదే. ఆ చీమును కల్చర్‌కు పంపించమని అడగండి. మామూలు యాంటీబయాటిక్ కోర్సులు మార్చి మార్చి వేసుకుంటూ ఏడాది పోగొట్టుకున్నవాళ్లను నేను చాలామందిని చూశాను, ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది.

ఇక మీరు చేయాల్సింది. ఒక్క తెమడలో ఎన్‌టిఎం పెరిగినంత మాత్రాన అది జబ్బు అని అనరు. దగ్గు లాంటి లక్షణాలు ఉండాలి, సీటీ స్కాన్‌లో దానికి తగిన మచ్చలు, గుంటలు కనబడాలి, వేరువేరు రోజుల్లో ఇచ్చిన కనీసం రెండు తెమడల్లో అదే రకం పెరగాలి. 2007లో అమెరికా వైద్య సంఘాల మార్గదర్శకాలు చెప్పింది ఇదే, 2020లో అంతర్జాతీయంగా మళ్లీ రాసినప్పుడూ దీన్ని అలాగే ఉంచారు. కాబట్టి డాక్టరుగారు మళ్లీ తెమడ ఇమ్మనడం సరైన పని.

ఆ తెమడ ఎలా ఇవ్వాలో చెప్తాను, చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు. పొద్దున్నే లేచి నల్లా నీళ్లతో నోరు పుక్కిలించి, ఆ నోటితోనే డబ్బాలో ఉమ్మి ఇస్తారు. నల్లాలోని క్రిమి తెమడలో కలుస్తుంది. ముందు రోజు రాత్రే నీళ్లు పది నిమిషాలు తెర్లించి, స్టీలు గ్లాసులో మూతపెట్టి చల్లారనివ్వండి. పొద్దున పళ్లు తోమకముందే ఆ నీళ్లతో పుక్కిలించి, గట్టిగా ఊపిరి పీల్చి లోపలి నుంచి దగ్గి తీసిన చిక్కటి గల్ల ఇవ్వాలి, ఎంగిలి కాదు. డబ్బా ల్యాబ్ ఇచ్చినదే వాడండి, ఇంట్లో కడిగిన సీసా వద్దు.

అప్పటిదాకా టిబి మందులు సొంతంగా మొదలుపెట్టవద్దు. డాక్టరుగారు మొదలుపెట్టించి ఉంటే సొంతంగా ఆపవద్దు. ఎన్‌టిఎంలో రకాన్ని బట్టి మందు మారుతుంది. గోర్డోనే అయితే చాలావరకు ఏ మందూ అక్కర్లేదు. ఏవియం గుంపు అయితే మూడు మందులు కలిపి, తెమడ నెగెటివ్ అయ్యాక కూడా ఇంకో ఏడాది వాడాలి. కాన్సాసి అయితే టిబి మందుల్లో కొన్ని బాగానే పనిచేస్తాయి. అబ్సెసస్‌కు ఆ బిళ్లలు పనిచేయవు, ఇంజెక్షన్లు పడతాయి, అది కష్టమైన వైద్యం. ఒకటి మాత్రం గట్టిగా చెప్తున్నా: దగ్గు అని మెడికల్ షాపులో అజిత్రోమైసిన్ కొని వేయకండి. ఏవియం మీద మనకున్న పెద్ద ఆయుధం ఆ జాతి మందే. దాన్ని ఒంటరిగా వాడితే క్రిమి దానికి అలవాటు పడుతుంది, రేపు నిజంగా అవసరమైనప్పుడు పనిచేయదు.

పొలం మానొద్దు. వరి కోత దుమ్ములో, ఎండిన పెంట ఎత్తేటప్పుడు, చెరువు మట్టి ట్రాక్టర్ నుంచి దించేటప్పుడు మాత్రం మీ నాన్నగారిని దూరంగా ఉంచండి. తప్పనప్పుడు మాస్క్ పెట్టుకోమనండి, మట్టిని కాస్త తడిపి తీయండి. నీళ్లు మరిగించి తాగితే సరిపోతుంది. స్నానం షవర్ కింద కాకుండా బకెట్‌తో చేయమనండి. పైన సింటెక్స్ ట్యాంకు ఎప్పుడు కడిగారో చూసి, లోపలి జిగురును బ్రష్‌తో రుద్ది తీయించండి. నల్లాకు తగిలించిన పాత రబ్బరు గొట్టాలు పారేయండి. ఫిల్టర్ వాడుతుంటే అందులో నల్లటి బొగ్గు క్యాండిల్ టైముకు మార్చాలి, పాతబడితే అదే వీటికి గూడు. కూలర్ ఉంటే నీళ్లు నిలవ ఉంచకుండా తీసేయండి, మంచం వైపు తిప్పి పెట్టకండి. బీడీ అలవాటు ఉంటే అది మానడం వీటన్నింటి కంటే ఎక్కువ మేలు చేస్తుంది.

ఇక ఆ కల్చర్ రిపోర్టు ఒకసారి మళ్లీ తీసి చూడండి. ఎన్‌టిఎం అని రాసిన వరస కిందో, రెండో పేజీలోనో రకం పేరు ఉంటుంది. లేకపోతే, పెరిగిన కల్చర్ ఇంకా ఉందా, దాన్ని రకం తేల్చే పరీక్షకు పంపగలరా అని ల్యాబును అడగండి. ట్యూబులను కొన్నాళ్లే దాచి పారేస్తారు, కాబట్టి ఈ వారంలోనే అడగండి. పేరు దొరికితే, సీటీ స్కాన్‌లో ఏం రాశారో దాంతో కలిపి ఇక్కడే రాయండి, చూసి చెప్తాను.